విరేచనాల రోజున మోకాళ్ల మాత్ర

సంపాదకులకు,

ఆర్యా,

ఎండలు మొదలైనప్పటి నుంచి వడదెబ్బ జాగ్రత్తలు పత్రికల్లో దాదాపు రోజూ వస్తున్నాయి. మజ్జిగ తాగమనీ, మధ్యాహ్నం బయటికి వెళ్లవద్దనీ అందరూ చెబుతున్నారు గానీ, ఇంట్లో నీడపట్టున కూర్చున్న పెద్దవాళ్లకు రెండు మూడు రోజుల్లోనే మూత్రపిండాలు దెబ్బతినవచ్చన్న సంగతి ఆ జాగ్రత్తల్లో నాకు కనిపించలేదు. గత మే నెలలో మా ఇంట్లో జరిగిన దాన్ని బట్టి, మందుల షాపులూ ఆరోగ్య శాఖా చేయగలిగిన చిన్న పని ఒకటి ఉందని తోచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అత్తగారికి 74 ఏళ్లు. కావలి నుంచి చెన్నైలో మా దగ్గరికి వచ్చారు. రైల్లో బాత్రూముకు లేవాల్సి వస్తుందని ప్రయాణమంతా గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకోవడం ఆవిడకు అలవాటు. వచ్చిన మర్నాడే నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. అయినా బీపీ మాత్ర మానలేదు. లోసార్టాన్‌తో పాటు ఒంట్లో నీటిని లాగేసే మందు కూడా కలిసిన మాత్ర అది. మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ కూడా మానలేదు. దాన్ని తెచ్చి ఇచ్చింది నేనే. ఎవరికని గానీ, ఇంకేం మందులు వాడుతున్నారని గానీ షాపతను అడగలేదు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు అది. పది మాత్రల స్ట్రిప్పులోంచి ఆరు మాత్రలు కత్తెరతో కత్తిరించి, కాగితం కవర్లో వేసి ఇచ్చాడు. చీటీ ఉంటేనే అమ్మాలన్న హెచ్చరిక ఉన్న ముక్క అతని డబ్బాలోనే ఉండిపోయింది.

"పొద్దున ఒక్కసారి ఒంటికి పోయానమ్మా, అంతే" అని ఆవిడ చెబితే, ఈ ఎండకు అంతా చెమటలోనే పోతోందని అనుకున్నాం. రెండో రోజు చేయించిన రక్తపరీక్షలో క్రియాటినిన్ (కండ నుంచి పుట్టే వ్యర్థం, మూత్రపిండాలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరుగుతుంది) 1.1 అని వచ్చింది. ఆ ల్యాబు లెక్కలో 1.2 దాకా మామూలే కాబట్టి, ఆ అంకె పక్కన ఏ గుర్తూ లేదు. నార్మలే అన్నారు. జనవరిలో కావలిలో చేయించినప్పుడు అది 0.6 ఉందన్న సంగతి మాకెవరికీ గుర్తుకు రాలేదు. బక్కపలచటి మనిషి, ఒంట్లో కండ తక్కువ, అందువల్ల క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. ఆవిడ విషయంలో 1.1 అంటే దాదాపు రెట్టింపు. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారం లోపల ఒకటిన్నర రెట్లు అయినా మూత్రపిండాలకు హఠాత్తుగా దెబ్బ తగిలినట్టేనని 2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయని నాకు తర్వాత తెలిసింది. మరో రెండు రోజులకు అది 2.9 అయింది. అప్పటికి ఆవిడ నన్ను తన కూతురి పేరుతో పిలుస్తున్నారు, అన్నం ముద్ద చేతిలో పెట్టుకునే కునుకు తీస్తున్నారు. దాన్ని కూడా మేం వయసు మీదకే నెట్టాం.

డయాలిసిస్ అవసరం పడలేదు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు.

ఇందులో ఏ ఒక్క మందునూ విషమని నేను అనడం లేదు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండం తనలోకి రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేసుకుని, బయటికి పోయే నాళాన్ని బిగించుకుని వడపోత ఆగకుండా చూసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మొదటి పనికి అడ్డుపడతాయి, లోసార్టాన్ వంటివి రెండో పనికి అడ్డుపడతాయి, నీటిని లాగే మందు ఉన్న కాస్త నీటినీ బయటికి పంపేస్తుంది. పైగా వయసుతో వడపోత శక్తి ఎలాగూ తగ్గుతూ వస్తుంది, దాహం కూడా సరిగా తెలియదు. విడివిడిగా మంచి మందులే, ఆ రెండు రోజులు మాత్రం మూడూ కలిసి ఆవిడ మీద పడ్డాయి.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు నుంచి 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద బీపీ, షుగరు మాత్రలను ఇళ్లకే చేరవేస్తోంది. ఆ మాత్రలతో పాటు చిన్న చీటీ ఒకటి పెట్టవచ్చు: వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్న రోజున నొప్పి మాత్ర వేసుకోవద్దు, మూత్రం తగ్గితే డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయవద్దు, బీపీ, షుగరు మాత్రల సంగతి ఆ రోజే డాక్టరును అడగండి అని. సొంతంగా బీపీ మాత్ర మానేయడం ఎంత తప్పో, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు చెంబులకు చెంబులు నీళ్లు తాగేయడం కూడా అంతే తప్పు కాబట్టి, ఆ చీటీలో అడగండి అన్న మాటే ముఖ్యం. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఉండే పెద్దవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. తమిళంతో పాటు తెలుగులోనూ వేస్తే వాళ్లే చదువుకుంటారు. మందుల షాపుల మీద దాడులు చేయించడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉంటుందని నేను అనుకోను, ఎందుకంటే మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి ఎక్కడో ఒకచోట మాత్ర సంపాదించుకుంటుంది. కౌంటరు దగ్గర రెండు ప్రశ్నలు అడగడం తప్పనిసరి చేస్తే చాలు: బీపీ మాత్ర వాడుతున్నారా, విరేచనాలు గానీ వాంతులు గానీ ఉన్నాయా?

ఇంకొక్క మాట. మాకిచ్చిన డిశ్చార్జి కాగితంలో విరేచనాలనీ, డీహైడ్రేషన్ అనీ రాసి ఉంది గానీ, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని గానీ, ఏ మాత్రకు దూరంగా ఉండాలో గానీ ఎక్కడా లేదు. ఒకసారి ఇలా దెబ్బతిన్నవాళ్లకు మళ్లీ దెబ్బతినే ప్రమాదమూ, దీర్ఘకాలిక జబ్బుగా మారే ప్రమాదమూ ఎక్కువే కాబట్టి, మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించాలి. ఆ సంగతి వేరే డాక్టరు చెబితేనే మాకు తెలిసింది. ఆవిడ కావలి వెళ్లిపోయాక చూసే డాక్టరుకు ఆ కాగితం ఒక్కటే ఆధారం. మందు పేరు, క్రియాటినిన్ అంకెలు, మళ్లీ పరీక్ష చేయించాల్సిన తేదీ దాని మీద రాసి తీరాలని ఆరోగ్య శాఖ ఆసుపత్రులన్నిటికీ ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కొళత్తూరు, చెన్నై