ఆర్డర్లు ఎందుకు లేటయ్యాయో మొత్తం చెప్పేస్తున్నా, ఖాళీ ఇంటి పన్నుతో సహా

అందరికీ నమస్కారం. పోయిన నెల నుంచి మీ మెసేజ్‌లకి "రేపు చెప్తానండీ" తప్ప సరైన జవాబు ఇవ్వలేదు, తప్పు పూర్తిగా నాదే. పాత ఫోటోలు బాగుచేయమని నమ్మి పంపించారు, కొన్నిటికి ఇంకో కాపీ కూడా ఉండదు, అలాంటివి నా దగ్గర పెట్టుకుని ఫోన్ ఎత్తకపోతే ఎవరికైనా గుండె దడే. అందుకే ముందు ఆ మాట: ఒక్క ఫోటో కూడా పోలేదు, పాడవలేదు, అన్నీ మీ ఆర్డర్ నంబర్ రాసిన కవర్లలోనే ఉన్నాయి. షాపు 12 రోజులు మూసింది మాత్రం నిజం. కారణం మా నాన్న ఇల్లు, దాని పన్ను బాకీ.

నాన్న పోయి నాలుగేళ్ళు దాటింది. ఇల్లు అక్కకీ నాకూ వచ్చింది, ఇద్దరం ఉండేది వేరే ఊళ్ళల్లో, అమ్మాలా అద్దెకివ్వాలా అని ఫోన్ చేసుకున్నప్పుడల్లా అనుకోవడం, తర్వాత చూద్దాంలే అని పెట్టేయడం. తాళం వేసుంది కదా, కరెంటు వాడట్లేదు, నీళ్ళు వాడట్లేదు, ఇంక పన్నేముంటుందిలే అని నా ధీమా. ఈ మధ్య వెళ్ళి తలుపు తోస్తే సగంలో ఆగిపోయింది, కింద ఏదో అడ్డం పడుంది. వంగి చూస్తే కాగితాల కట్ట. తలుపు సందులోంచి లోపలికి వేసిన డిమాండ్ నోటీసులు (ఇంత పన్ను కట్టండి అని పంపేవి), తడిసి ఎండి మళ్ళీ తడిసి అట్టముక్కలా అతుక్కుపోయాయి. ఆల్బమ్‌కి అంటుకుపోయిన ఫోటోలు విడదీయడానికి నా బ్యాగులో ఎప్పుడూ ఒక పల్చటి స్టీలు రేకు ఉంటుంది, దాంతోనే గుమ్మంలో కూర్చుని ఒక్కోటి లేపాను. ఎనిమిది. ఆరు నెలలకోటి చొప్పున. పైవాటిలో అంకెలు చెదిరిపోయాయి, అడుగున ఉన్నది మాత్రం నిన్న ప్రింట్ చేసినట్టుంది. అన్నిటి మీదా నాన్న పేరే, ఆయన పోయారని పన్ను ఆఫీసుకి మేం చెప్తే కదా.

అక్కకి ఫోన్ చేస్తే "ఎవరూ లేని ఇంటికి పన్నేంట్రా" అంది. నేనూ సరిగ్గా అదే అనుకున్నా. ఆఫీసులో కౌంటర్ దగ్గర ఉన్నాయన ఇలాంటివి రోజూ చూస్తాడేమో, తల కూడా ఎత్తకుండా చెప్పాడు, ఇది ఉండేవాళ్ళ మీద వేసేది కాదు సార్, ఇంటి మీద వేసేది. స్థలం, కట్టడం, దాని విలువ చూసి లెక్క కడతారు, లోపల దీపం వెలుగుతుందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు. ఇంకోటి, ఈ బాకీ ఇంటినే పట్టుకుని ఉంటుంది, ఇల్లు ఎవరి చేతికి వెళ్తే బాకీ వాళ్ళ వెంటే వెళ్తుంది. అమ్ముదామంటే కొనేవాడు ముందు అడిగేది పన్ను రసీదులే.

నాన్న బాకీ నేనెందుకు కట్టాలి అని కూడా అడిగాను, సిగ్గు లేకుండా. దీంట్లో రెండు ముక్కలున్నాయట. ఆయన బతికున్నప్పటి బాకీకి వారసులు బాధ్యులే గానీ, మామూలుగా అది వాళ్ళకి వచ్చిన ఆస్తి మేరకే, సొంత సంపాదన దాకా రాదు. ఆయన పోయిన తర్వాత పడ్డ పన్ను మాత్రం వారసత్వంగా వచ్చిన అప్పు కాదు, అది మాదే, ఓనర్లం మేమే కాబట్టి. మా కేసులో మొత్తం ఈ రెండో రకమే. నాన్న ఒక్క రూపాయి బాకీ పెట్టలేదు, ఆయన కట్టిన రసీదులన్నీ బీరువాలో ఏడాది వారీగా దారం కట్టి ఉన్నాయి. చూసి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

అసలు కంటే వడ్డీ ఎక్కువ నొప్పి. నాకు వేసింది నెలకు 2 శాతం. వినడానికి ఎంత చిన్నగా ఉంది చూడండి, ఏడాదికి అది 24, నాలుగేళ్ళ కింద పడ్డ మొదటి బిల్లుకి 96 శాతం, అంటే దాదాపు ఇంకో బిల్లు. మొదట కొంత కడదాం అనుకున్నాగానీ అక్కడ కట్టిన డబ్బు ముందు పాత బాకీకి, వడ్డీకి సర్దుకుంటారట, కొత్త బిల్లులు అలాగే నిలబడి పెరుగుతుంటాయి. అలాగే నా సగం నేను కట్టేసి బయటపడదామనుకున్నా, కుదరదన్నారు. ఇల్లు ఒకటే, అసెస్‌మెంట్ నంబర్ (పన్ను రికార్డులో ఇంటికిచ్చే నంబర్) ఒకటే, విడివిడిగా పంచుకుని వేరే నంబర్లు తెచ్చుకునే దాకా బాకీ మొత్తం ఒక్క ముద్దే. ఒకళ్ళు కట్టి రెండోవాళ్ళ వాటా వాళ్ళ దగ్గర తీసుకోవాలి, అది ఇంట్లో తేల్చుకునే లెక్క. అక్క తన సగం మూడు విడతల్లో ఇస్తానంది, ఇస్తుంది కూడా.

ఖాళీగా ఉన్నందుకు రాయితీ ఉండదా అంటే, కొన్నిచోట్ల ఉంటుంది, కానీ ఖాళీగా ఉన్నప్పుడే అర్జీ పెట్టుకోవాలి, కరెంటు మీటర్ రీడింగ్ లాంటివి చూపించాలి. నాలుగేళ్ళ తర్వాత వచ్చి అప్పుడు ఖాళీగా ఉందండీ అంటే ఎవరూ వినరు. ఈ గోల ఒక పాత కస్టమర్‌కి చెప్తే (ఇంగ్లండ్‌లో ఉంటారు) అక్కడైతే ఓనర్ చనిపోయి ఖాళీ అయిన ఇంటికి ప్రొబేట్ (పోయినవాళ్ళ ఆస్తి వ్యవహారం చూసుకోవడానికి వచ్చే చట్టపరమైన అనుమతి) వచ్చేదాకా, ఆ తర్వాత ఇంకో ఆరు నెలల దాకా కౌన్సిల్ టాక్స్, అంటే అక్కడి స్థానిక ఇంటి పన్ను, మినహాయింపు ఉంటుందన్నారు. ఎంత బాగుందో అనుకునేలోపే మిగతాది చెప్పారు, సామాను లేకుండా ఏడాది దాటి ఖాళీగా ఉంచితే 2024 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్ళు పన్ను రెట్టింపు చేయొచ్చట, పదేళ్ళు దాటితే ఇంకా 300 శాతం దాకా కలపొచ్చట. కెనడాలో వాంకూవర్ వాళ్ళయితే 2017 నుంచి ఖాళీ ఇళ్ళకి విడిగా ఇంకో పన్నే పెట్టారు, ఇంటి విలువలో 1 శాతంతో మొదలై 2021కి 3 శాతం అయింది. అంటే మనం ఖాళీ ఇల్లు అని జాలి కోసం చూస్తాం, కొన్ని ఊళ్ళు దాన్నే నేరంగా చూస్తాయి, ఇళ్ళు దొరక్క జనం తిరుగుతుంటే తాళాలేసి పెట్టుకున్నారని. వాళ్ళ మాటా తీసేయలేం.

ఇంకో భ్రమ కూడా పోయింది నాకు. పన్ను కట్టి రసీదు తెచ్చుకుంటే ఇల్లు నా పేరు మీదకి వచ్చేసినట్టే అనుకునేవాణ్ణి. రసీదు కట్టినట్టు రుజువంతే, హక్కు పత్రం కాదు. రికార్డులో పేరు మార్చడం కూడా పన్ను ఎవరికి పంపాలో తెలియడానికే. అయినా మార్పించుకోవాలి, లేకపోతే నోటీసులు పోయినవాళ్ళ పేరు మీద తలుపు సందులోకి పోతూనే ఉంటాయి. మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు పెట్టి అర్జీ ఇచ్చాం. ఆ 12 రోజుల్లో సగం ఈ క్యూలకే పోయింది.

ఇప్పుడు మీకు సంబంధించిన సంగతులు. బాకీ మొత్తం ఒకేసారి కట్టేశాను. ఎక్కణ్ణుంచి అంటే, పెద్ద సైజు స్కానర్ కోసం దాచిన డబ్బు. మీ అడ్వాన్సులూ అప్పుడు అదే అకౌంట్లో ఉండేవి, ఒక రాత్రి వాటి మీదకి కూడా మనసు పోయింది, దాచడం ఎందుకు, కానీ ముట్టుకోలేదు. పొద్దున్నే వాటిని వేరే అకౌంట్లోకి మార్చేశాను, ఇక మీదట అడ్వాన్సులు అక్కడే ఉంటాయి.

స్కానర్ ఈ ఏడాది రాదు కాబట్టి పెద్ద గ్రూప్ ఫోటోల ఆర్డర్లు తీసుకోలేను, నలుగురికి ఒప్పుకున్నా, ఆ నలుగురి అడ్వాన్స్ ఈ వారంలోనే తిరిగి పంపిస్తున్నా, ఫోటోలు కూడా నా ఖర్చుతో వెనక్కి. షాపుని నాన్న ఇంట్లోకి మారుస్తానని ఆ మధ్య ఉత్సాహంగా చెప్పాను కదా, అదీ లేదు. అక్కడ పని మొదలుపెడితే ఇల్లు నివాసం లెక్కలోంచి కమర్షియల్ లెక్కలోకి మారుతుంది, రేటు పెరుగుతుంది, చెప్పకుండా నడిపితే జరిమానా. అద్దె మిగుల్చుకుందామని వెళ్ళి ఇంకో నోటీసు తెచ్చుకోవడం నావల్ల కాదు. ఇల్లు అద్దెకిస్తున్నాం, అక్క ఒప్పుకుంది.

మిగిలిన ఆర్డర్లు 31. వచ్చిన వరసలోనే చేస్తున్నా, రోజుకి రెండు, ఆదివారాలు కూడా. తొందరగా కావాల్సినవాళ్ళు ఉంటే ఆర్డర్ నంబర్ పెట్టి ఒక మెసేజ్ ఇవ్వండి, ముందుకి జరుపుతాను. ఇంక వద్దు, డబ్బులు ఇచ్చేయండి అన్నా ఏమీ అనుకోను, అదే రోజు పంపిస్తాను. ఫోన్ మధ్యాహ్నం మూడు తర్వాత చేయండి, అంతకుముందు చేతులు కెమికల్‌లో ఉంటాయి.