ఇల్లు చూడకుండా కట్టిన ధర

ఒరేయ్ మామా,

మొన్న నువ్వు అడిగినదానికి ఫోన్లోనే చెబుదామనుకున్నాను. నాలుగు మాటల్లో తేలేది కాదని ఈ రాత్రి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పాప నిద్రపోయింది, మా ఆవిడ రేపటి పప్పు నానబెడుతోంది. చెల్లెమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ ఎలా ఉంది?

"మీ అమెరికాలో ఇంట్లోకి అడుగు పెట్టకుండానే ధర కట్టి లోన్ ఇచ్చేస్తున్నారంట, నిజమేనా? రేపు మా బ్యాంకులు కూడా ఫోటోలు చాలంటే నా పని ఏమవ్వాలి?" అన్నావు. నిజమే రా. నాకే రెండుసార్లు అలా జరిగింది. నీకు గృహప్రవేశం ఫోటోలు పంపాను గానీ, దానికి ముందు పడిన టెన్షన్ ఎప్పుడూ చెప్పలేదు.

మొదటిసారి 2020 ఎండాకాలంలో. అప్పుడు డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్న పాత ఇంటి లోన్‌ని తక్కువ వడ్డీకి మార్చుకుంటున్నాం. ఒక మధ్యాహ్నం ఇంటి ఎదురుగా కారు ఆగింది. మాస్కు పెట్టుకున్న ఒకాయన కిటికీ అద్దం దించి మా ఇంటికి ఫోటోలు తీస్తున్నాడు. మా ఆవిడ కంగారుపడి నన్ను పిలిచింది. చూస్తే ఆయనే అప్రైజర్, అంటే నీలాగా ఇంటికి ధర కట్టే మనిషి. కారు దిగకుండానే మూడు ఫోటోలు తీసి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

ఇక్కడ బ్యాంకులు ఇచ్చే ఇంటి లోన్లలో చాలా భాగాన్ని ఫానీ మే, ఫ్రెడీ మ్యాక్ అనే రెండు సంస్థలు కొంటాయి. వాటి షరతులే దేశానికి షరతులు. కరోనా రాగానే 2020 మార్చి 23న, ఆ రెండింటి మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, ఇంట్లోకి వెళ్ళడం కుదరకపోతే బయటినుంచి చూసో, ఆఫీసులో కూర్చునో ధర కట్టవచ్చని వెసులుబాటు ఇచ్చింది. 2021 మే చివరికి ఆ వెసులుబాటు అయిపోయింది. అయిపోయిందనే అనుకున్నాం. అదే ఏడాది అక్టోబరులో, కూర్చున్నచోటినుంచి ధర కట్టే పద్ధతిని శాశ్వతం చేస్తామని ప్రకటించారు. 2022 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. దానికి డెస్క్‌టాప్ అప్రైజల్ అని పేరు. సొంతంగా ఉండటానికి కొనే ఇల్లయి, ధరలో 90 శాతానికి మించకుండా లోన్ తీసుకుంటే, వాళ్ళ కంప్యూటర్ సరే అంటే చాలు, అప్రైజర్ గుమ్మం తొక్కనక్కర్లేదు.

సరిగ్గా ఆ ఏడాది జూన్‌లోనే మేము ఇప్పుడున్న ఇల్లు కొన్నాం.

ఊరి పేరు లిటిల్ ఎల్మ్. డల్లాస్‌కి ఉత్తరాన. కానీ మా వీధి పిల్లలు వెళ్ళేది ఫ్రిస్కో స్కూళ్ళకి. ఇక్కడ స్కూళ్ళ సరిహద్దులు ఊరి సరిహద్దులతో కలవవు. ఒకే ఊళ్ళో ఈ పక్క వీధి ఒక స్కూల్ డిస్ట్రిక్ట్, ఆ పక్క వీధి ఇంకొకటి. మన తెలుగువాళ్ళు ఇల్లు వెతికేటప్పుడు ముందు అడిగేదే అది. బెడ్రూములెన్ని, తూర్పు ముఖమా కాదా అన్నది తర్వాత.

ధర 5 లక్షల 85 వేల డాలర్లకు కుదిరింది. 85 శాతం లోన్. ఆ రోజుల్లో ఒక ఇంటికి పదిమంది పోటీ పడేవాళ్ళు. అప్రైజల్ తక్కువ వచ్చినా మేం వెనక్కి తగ్గం అని రాసిస్తేగానీ అమ్మేవాళ్ళు మన కాగితం చూసేవాళ్ళు కాదు. మేమూ రాసిచ్చాం. తర్వాత ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని వచ్చి గదిగదీ తిరిగి స్కాన్ చేసి, ఫోటోలు తీసుకుని అరగంటలో వెళ్ళిపోయాడట. "మీరే ధర కడతారా?" అని మా ఏజెంటు అడిగితే, "లేదండీ, నేను వివరాలు పంపిస్తానంతే" అన్నాడట.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. 5 లక్షల 62 వేలు.

నీకు లెక్క వేరే చెప్పక్కర్లేదు. కుదిరిన ధర, కట్టిన ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దానిమీదే లోన్. ఒక్క రాత్రిలో మేము చేతినుంచి ఇంకో పంతొమ్మిది వేల అయిదువందల పైచిలుకు డాలర్లు తేవాలి. తేలేకపోతే ఇచ్చిన బయానా పోతుంది. మా ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు. ఊళ్ళో అమ్మ బంగారం గురించి కూడా ఆలోచించాను, నీ దగ్గర దాచడం దేనికి.

తెల్లారి రిపోర్టు ముందు పెట్టుకుని ఒక్కో పేజీ చదివాను. ధర కట్టేది ఎలాగో నీకు తెలుసు, చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడుపోయిన అలాంటి ఇళ్ళు కనీసం మూడు తీసుకుని పోల్చి చూడటం. వీళ్ళు కాంప్స్ అంటారు. అప్రైజర్ తీసుకున్న మూడింటిలో రెండు మాకు మైలున్నర దూరంలో ఉన్నాయి. కానీ స్కూళ్ళు వేరు. మ్యాపులో చూస్తే పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. ఆ దారిన ఒకసారి కారులో వెళ్ళినవాడు ఆ తప్పు చెయ్యడు రా. స్కూలు బోర్డులే చెబుతాయి. ఇంకో వాక్యం చూసి నా మనసు చివుక్కుమంది. ఇంటిని స్వయంగా చూడలేదని, వేరేవాళ్ళిచ్చిన సమాచారం మీద ఆధారపడ్డానని రాసి, కింద సంతకం.

ఆ సంతకం చూడగానే నువ్వు గుర్తొచ్చావు. కాలేజీ అయిపోయిన ఏడాది నీ వెంట ఒక వాల్యుయేషన్‌కి వచ్చాను చూడు, నరసరావుపేట దగ్గర ఆ పెంకుటింటికి. టేపు తియ్యకముందే నువ్వు వంటింటి తలుపు రెండుసార్లు వేసి తీశావు. గోడమీద వేలి కణుపులతో తట్టావు. వాన నీళ్ళు ఎటు పోతాయని ఆ ఇంటి పెద్దావిణ్ణి అడిగావు. ఆవిడ మజ్జిగ ఇచ్చి, పోయిన వానాకాలం వెనక గోడ ఎలా జారిందో తనే చెప్పింది. నువ్వు అడగకపోతే ఆ మాట ఏ కాగితంలోకీ వచ్చేది కాదు. "నల్లరేగడి మీద కట్టిన ఇల్లు ముందు తలుపుతో మాట్లాడుతుంది" అన్నావు. ఇక్కడా నేల అదే రా. డల్లాస్ చుట్టూ నల్లరేగడే, బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఎండాకాలం బిగుసుకుని, వానకి ఉబ్బుతుంది. ఎండల్లో జనం ఇంటి పునాది చుట్టూ పైపులు పరిచి నీళ్ళు పెడతారంటే నమ్ముతావా? ఈ ఇంటికి ముందు ఇంకొకటి చూశాం. ఫోటోల్లో అద్దంలా ఉంది. వెళితే మేడమీద గది తలుపు గడియ పడలేదు. కిటికీ మూలనుంచి ఏటవాలుగా పగులు, దానిమీద కొత్త పెయింట్. నువ్వు చెప్పింది గుర్తొచ్చి అక్కడినుంచే తిరిగొచ్చేశాం. ఫోన్ స్కాన్‌లో ఆ గది కొలతలు అంగుళం తేడా లేకుండా వచ్చేవి. తలుపు పడకపోవడం మాత్రం వచ్చేది కాదు.

ఇక్కడ కొనేవాడి తరఫున ఇంటిని పరీక్షించే ఇన్‌స్పెక్టర్ వేరే ఉంటాడు. ఆయన వస్తాడు, అటకెక్కుతాడు. కానీ ఆయన రాసేది మన చేతికి వస్తుంది, ధర కట్టేవాడి చేతికి కాదు. అప్రైజర్ బ్యాంకు కోసం పనిచేస్తాడు.

మా సంగతికి వస్తే, మా ఏజెంటు అదే స్కూళ్ళ పరిధిలో అమ్ముడైన మూడు ఇళ్ళ వివరాలు తీసి పంపింది. టెక్సాస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పనక్కర్లేదు తెలుసా. మన దగ్గర దస్తావేజులో ఒక ధర, చేతులు మారింది ఇంకో ధర. ఇక్కడ దస్తావేజులో ధరే ఉండదు. ఏజెంట్ల జాబితాలోనే దొరుకుతుంది. అందుకే మా ఏజెంటు లేకపోతే మాకు దిక్కు లేదు. ధరని మళ్ళీ పరిశీలించమని లెండర్‌ని అడగవచ్చని కూడా ఆమె చెబితేనే తెలిసింది. లోన్ ఆఫీసర్ చెప్పలేదు. ధర విషయంలో అప్రైజర్ మీద ఒత్తిడి తేకూడదన్న చట్టాలు గట్టిగా ఉన్నాయి, అది మంచిదే. 2008కి ముందు లోన్ ఆఫీసర్లు ఫోన్ చేసి "ఇంత రావాలి" అని రాయించుకున్న రోజులు ఉన్నాయి. కానీ ఒత్తిడికీ, దారి చెప్పడానికీ తేడా లేదా? 2024 ఆగస్టు చివరినుంచి ఫానీ మే, ఫ్రెడీ మ్యాక్ లోన్లకి ఆ దారి గురించి ముందే చెప్పి తీరాలని నిబంధన వచ్చింది. మాకు రెండేళ్ళు ఆలస్యమైంది.

తొమ్మిది రోజులకి సవరించిన ధర వచ్చింది, 5 లక్షల 79 వేలు. మిగతా తేడా సర్దుకుని ఇల్లు కొన్నాం.

అయితే చూడకపోవడమంతా చెడే అని నీకు రాస్తే అబద్ధమవుతుంది. ఇర్వింగ్ ఇంటి ముందు ఆ కారు ఆగి వెళ్ళాక కొన్నాళ్ళకి, కాలిఫోర్నియాలో మారిన్ సిటీ అనే చోట ఒక నల్లజాతి దంపతుల కథ వార్తల్లో వచ్చింది. వాళ్ళ ఇంటికి 9,95,000 డాలర్లు కట్టారు. వాళ్ళు తమ ఫోటోలన్నీ తీసేసి, తెల్లజాతి స్నేహితురాలిని ఇంట్లో నిలబెట్టి ఇంకోసారి చేయించుకుంటే 14,82,500 వచ్చింది. అదే ఇల్లు. 2021లో ఫ్రెడీ మ్యాక్ లక్షల రిపోర్టులు చూసి చెప్పిన లెక్క ఇంకా బాధపెడుతుంది. తెల్లవాళ్ళు ఎక్కువుండే చోట కుదిరిన ధరకన్నా తక్కువ కట్టినవి 7.4 శాతమైతే, నల్లవాళ్ళు ఎక్కువుండే చోట 12.5, లాటినోలు ఎక్కువుండే చోట 15.4. ఆ వార్తలు చదివి మా ఆవిడ, "అతను లోపలికి రాకపోవడమే నయమైంది. గడప పసుపు, దేవుడి మందిరం, పోపు వాసన, ఇవన్నీ చూసి ఎంత తగ్గించేవాడో" అంది. నాకు జవాబు దొరకలేదు. ఇంట్లో ఎవరున్నారో తెలియని మనిషి వాళ్ళ ఒంటి రంగుని బట్టి తగ్గించలేడు. అయితే అదే పేటలో పాతికేళ్ళుగా తక్కువ కట్టిన ధరలనే కాంప్స్‌గా తీసుకుంటే, కూర్చున్నచోటినుంచే ఆ తక్కువ మళ్ళీ రాస్తాడు. అది రాయడానికి మొహం చూడక్కర్లేదు.

పల్లెల్లో ఉన్నవాళ్ళ సంగతీ ఉంది. అప్రైజర్ రావడానికి వారాలు పట్టే ఊళ్ళు ఉన్నాయి, అంతదూరం వచ్చినందుకు ఫీజు కూడా ఎక్కువ. వాళ్ళకి ఈ పద్ధతి మేలే చేసింది, కాదనను.

ఇప్పుడు డెస్క్‌టాప్ దగ్గర కూడా ఆగలేదు. 2025 నుంచి ధరలో 90 శాతం దాకా లోన్ తీసుకున్నా, కంప్యూటర్ సరే అంటే అసలు అప్రైజల్ లేకుండానే కొనవచ్చు. ఇదివరకు ఆ హద్దు 80. ఒక మనిషి వచ్చి వివరాలు సేకరించి వెళితే 97 దాకా. మా ఆఫీసులో ఒకతను పోయిన నెల అలాగే కొన్నాడు, ధర కట్టే మనిషి లేనే లేడు. అతనికి సంతోషమే, ఐదారు వందల డాలర్లు మిగిలాయి. నాకైతే భయమేస్తుంది రా. కంప్యూటర్ కట్టిన ధరల మీద నమ్మకంతో స్వయంగా ఇళ్ళు కొని అమ్మిన జిల్లో అనే ఇళ్ళ వెబ్‌సైట్ కంపెనీ, 2021 నవంబరులో ఆ వ్యాపారమే మూసేసింది, పనిచేసేవాళ్ళలో పావు వంతు మందిని తీసేసింది. అన్ని లెక్కలు దగ్గరున్న కంపెనీకే అలా అయితే, ఆయుష్షంతా కష్టపడి ఒక ఇల్లు కొనుక్కునేవాడి మాటేంటి?

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఇక్కడ ఇళ్ళకి ధర కట్టే సర్టిఫికెట్ కావాలంటే మామూలుగా పెద్దాయన ఒకరి కింద 1,500 గంటలు పనిచెయ్యాలి. నువ్వు మీ గురువుగారి వెనక టేపు పట్టుకుని రెండేళ్ళు తిరిగినట్టు. ఇప్పుడు ఇంట్లోకి వెళ్ళేది ఫోన్ పట్టుకున్న కుర్రాడు, అతనికి ధర చెప్పే హక్కు లేదు. ధర చెప్పేవాడికి ఇంట్లోకి వెళ్ళే పని లేదు. చూసేవాడు ఒకడు, సంతకం పెట్టేవాడు ఒకడు, ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోరు. ఇంకో ఇరవై ఏళ్ళకి, తలుపు చప్పుడు విని పునాది సంగతి చెప్పే మనిషి ఎక్కడినుంచి వస్తాడు? కుర్రాళ్ళని తప్పుపట్టను. మా ఇంటికి వచ్చినవాడిని ఆ అప్రైజర్ ఒక్కసారి ఫోన్లో "పిల్లలు ఏ స్కూలుకి వెళతారో కనుక్కున్నావా?" అని అడిగుంటే మాకా తొమ్మిది రాత్రులు ఉండేవి కావు.

అందుకే మీ బ్యాంకువాళ్ళు ఫోటోలు చాలంటే, ఒప్పుకునే ముందు ఒక్కటి అడుగు. ఫోటో తీసేవాడితో నువ్వు మాట్లాడే వీలుండాలని, అనుమానం వచ్చిన ఇంటికి నువ్వే వెళ్ళి చూస్తానని రాతపూర్వకంగా పెట్టించుకో. సంతకం నీదైతే ఆ హక్కూ నీకుండాలి.

ఇంకో పని పెడుతున్నాను, కాదనకు. నాన్న ఇల్లు అమ్మేద్దామని అన్నయ్య అంటున్నాడు. బ్రోకర్లు వాట్సాప్‌లో ఫోటోలు చూసి ముగ్గురు మూడు ధరలు చెప్పారు. నేను ఇక్కడ కూర్చుని ఏది నమ్మాలి? నువ్వు ఒకసారి వెళ్ళు. తాళాలు పక్కింటి పిన్నిగారి దగ్గరున్నాయి. వాన పడ్డ మర్నాడు వెళితే మేలు, బావి వైపు గోడ చూడు, పెరటి తలుపు రెండుసార్లు వేసి తియ్యి. నాన్న పోయాక ఆ తలుపు ఎవరూ తియ్యలేదు, గడియ కొంచెం పైకెత్తి లాగాలి. పిన్నిగారు కాఫీ ఇస్తే కాదనకుండా తాగు, ఆ ఇల్లు కట్టినప్పటినుంచీ ఆవిడ చూస్తూనే ఉంది.

ఉంటాను రా,
నీ మామ