మా ఫాదర్ గారికి, పెద్దమ్మకి, పక్కింటి అక్కకి

చిత్తూరులో మా విచారణ, అంటే మా చర్చి పరిధిని చూసే గురువులైన ఫాదర్ గారికి, మతబోధ చేసే ఉపదేశిగారి భార్య అయిన మా పెద్దమ్మకు, మా పక్కింటి అక్కకు అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

అమ్మ పోయాక నాకు ప్రార్థన ఆగిపోయింది. చర్చిలో పూజకు వెళ్లేదాన్ని, అక్కడ క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, అదే దివ్యసత్ప్రసాదం, తీసుకునేదాన్ని, లోపల మాత్రం ఏమీ కదిలేది కాదు. దేవుడు వింటున్నాడా అని అడగాలని కూడా అనిపించకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆదివారం పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే మన విశ్వాసపు పాఠాలు, చెప్పడం మానేస్తానని ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. జెస్యూట్ గురువుల సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు పెట్టిన నియమం ఒకటి చెప్పారు: మనసు ఎండిపోయి ఉన్నప్పుడు కొత్త నిర్ణయం ఏదీ తీసుకోకూడదు, నెమ్మదిగా ఉన్న రోజుల్లో అనుకున్నదాని మీదే నిలబడాలి. 1521లో యుద్ధంలో కాలు విరిగి మంచాన పడ్డ మనిషి ఆయన. ఆ తర్వాత స్పెయిన్‌లోని మన్రేసా ఊళ్లో తన మనసు పడే బాధలన్నీ గమనించుకుంటూ తెలుసుకున్న సంగతులివి. అనుభవించిన మనిషి మాట కాబట్టే నాకు ధైర్యం వచ్చింది. ప్రార్థన భారంగా ఉన్న రోజు అనుకున్న సమయం కంటే ఇంకాస్త ఎక్కువసేపే కూర్చోమంటారు ఇగ్నేషియస్ వారు. వింతగా తోచినా అలాగే చేశాను.

ఫాదర్ గారు 88వ కీర్తన కూడా చదవమన్నారు. అది చివరిదాకా చీకటే. అలాంటి మొర కూడా పవిత్ర గ్రంథంలో ఉందంటే, నా మౌనానికీ అక్కడ చోటుందనిపించింది. 2016లో పునీతురాలైన మదర్ తెరెసా కూడా దశాబ్దాల తరబడి ఇదే చీకటిలో పని చేశారని ఆమె ఉత్తరాలే చెబుతున్నాయి.

నిద్ర పట్టడం లేదని విని, "డాక్టర్ని కూడా కలవమ్మా" అన్నదీ ఫాదర్ గారే. వేలూరు వెళ్లాను, మందులు పని చేశాయి. విశ్వాసం తక్కువైతేనే ఇలాంటివి వస్తాయని ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి.

ఇక పెద్దమ్మ. సాయంత్రం పూట మా ఇంటికి వచ్చి, "నీకు మాట రాకపోతే నేను చెప్తాలే పాపా, నువ్వు ఊరికే కూచో" అనేది. మరియమ్మకు చెప్పుకునే మంగళవార్త జపంలో తన వంతూ నా వంతూ ఆమే చెప్పేది. ఒకరోజు "పరిశుద్ధ మరియమ్మా" అని నా నోట వచ్చింది. ఆమె నా వైపు తిరిగి చూడలేదు, మెచ్చుకోలేదు, జపమాలలో తర్వాతి పూస దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మర్యాదకు నేనేమిచ్చి రుణం తీర్చుకోగలను!

పక్కింటి అక్క వెంకన్న భక్తురాలు. నేను ప్రార్థనలో గడిపే ధ్యానకూటానికి వెళ్లినన్ని రోజులూ నా పిల్లలకు అన్నం పెట్టి బడికి పంపింది. కొండకు పోయి వచ్చి, "నీకోసం కూడా మొక్కుకున్నా" అంది.

ఇప్పటికీ కొన్ని రోజులు పొడిగానే గడుస్తాయి. జ్ఞానోపదేశం మాత్రం మానలేదు. ఈసారి మొదటి దివ్యసత్ప్రసాదానికి తయారవుతున్న పిల్లలు నా దగ్గరే ఉన్నారు. మన విచారణలో ఎవరైనా ఇలాంటి బాధలో ఉంటే, పూజ అయ్యాక నన్ను పలకరించండి. సాయంత్రాలు మీ ఇంటికి నేను వస్తాను.