పిల్లల్ని అడవికి తీసుకెళ్లడానికీ చదువు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈ నెల మొదటి వారంలో మీ చదువుల పేజీలో ఒక వార్త వచ్చింది. అమెరికా, కెనడా, న్యూజిలాండ్ వంటి దేశాల్లో ‘ఔట్‌డోర్ లీడర్‌షిప్’ను, అంటే కొండల్లో, అడవుల్లో, నదుల్లో జనాన్ని క్షేమంగా నడిపించే విద్యను, కళాశాలలో చేరి డిగ్రీగా చదువుకోవచ్చునన్నది దాని సారాంశం. ఆ వార్తను వింతల కోవలో వేసి, కొండలెక్కితే డిగ్రీ అంటూ శీర్షిక పెట్టారు. తరువాత అచ్చయిన పాఠకుల లేఖలూ అదే బాట పట్టాయి. తల్లిదండ్రుల సొమ్ముతో నాలుగేళ్లు షికార్లు చేయడమూ ఒక చదువేనా అని ఒకరు, చెట్లూ గుట్టలూ ఎక్కడం మా ఊరి పశులకాపరికీ వచ్చునని మరొకరు రాశారు. వేరే ఊరి పత్రికలో ఈ మాటలు కనిపించి ఉంటే నేను కలం పట్టేవాణ్ని కాదు. 2014వ సంవత్సరాన్ని కళ్లారా చూసిన హైదరాబాద్‌లో ఈ చదువును ఎగతాళి చేయడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

ఆ ఏడాది మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా బిడ్డ సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో కలిసి ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. భువనగిరి గుట్ట మీద తొలి పాఠాలు నేర్చుకుని, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, లద్దాఖ్ చలిలో సాధన చేసి, టిబెట్ వైపు నుంచి శిఖరం చేరారు. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, మన నగరం నుంచి యాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు, వారి వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి తగిన హెచ్చరిక లేకుండా నీరు వదిలారు. ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆ రాష్ట్ర హైకోర్టు 2016లో ఆదేశించింది. బిడ్డల శవాల కోసం పరాయి రాష్ట్రంలో నది ఒడ్డున పడిగాపులు కాసిన తల్లిదండ్రుల ఫొటోలను మీ పత్రికా అచ్చువేసింది.

తప్పు ఆ పిల్లలది కాదు. ఆనకట్టకు దిగువన ఉండే నదికి వానతో పనిలేదని, ఎండ కాస్తున్నా గేటు ఎత్తిన నిమిషాల్లో నీళ్లు మీదికి వస్తాయని మెట్ట ప్రాంతపు పిల్లలకు ఎవరు చెప్పారు? బండల మీద తడి చార ఎంత ఎత్తున ఉంది, కొట్టుకొచ్చిన పుల్లా చెత్తా ఒడ్డున ఎక్కడ ఆగింది, నీళ్లు పెరిగితే నడుమ రాళ్ల మీద ఉన్నవాళ్లు గట్టెక్కే దారి ఏది, ఎగువన ఒకరిని కాపలా పెట్టామా, ఆ ఊరివాళ్లను అడిగామా అన్నవి నదిలో దిగక ముందే చూసుకోవలసిన సంగతులు. ఇవి పుట్టుకతో ఎవరికీ రావు. నది పక్కన నిలబెట్టి నేర్పాలి, పరీక్ష పెట్టాలి, తప్పినవాడి చేతిలో పిల్లల్ని పెట్టకూడదు. ఆ పని కళాశాల చేస్తే దాన్ని డిగ్రీ అనడానికి మనకు అభ్యంతరం ఏమిటి?

ఈ చదువు నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు వయసులో ఉన్న నావికులు పెద్దవాళ్ల కంటే ముందే చేతులెత్తేస్తున్నారని లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని గుర్తించాడు. ఆయన, విద్యావేత్త కర్ట్ హాన్ కలిసి 1941లో వేల్స్‌లోని అబర్డవీలో ఔట్‌వర్డ్ బౌండ్ పాఠశాల పెట్టారు. కొండ ఎక్కగలగడం వేరు, పదిమందిని ఎక్కించి దించగలగడం వేరు అన్న ఎరుకతో పాల్ పెట్జోల్ట్ 1965లో అమెరికాలోని వయోమింగ్‌లో నాయకులను తయారుచేసే బడి ప్రారంభించాడు. అదే 1965లో మన ఉత్తరకాశిలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఏర్పడింది. అక్కడి సుమారు నెల రోజుల కోర్సులు చాలా గొప్పవి. అయినా అవి ప్రధానంగా మంచు కొండ ఎక్కడం నేర్పుతాయి. పరీక్షలు రాసి అలసిన నలభై మంది ఇంటర్ పిల్లల్ని శ్రావణమాసంలో వాగు దాటించవలసిన వ్యక్తికి కావలసిన చదువు ఇంకా చాలా ఉంది.

ఆ చదువులో తాళ్లూ ముడులూ కొంత భాగమే. ఆసుపత్రి గంటల దూరంలో ఉన్నచోట విరిగిన కాలు కదలకుండా కట్టడం, వడదెబ్బనూ పాముకాటునూ గుర్తుపట్టడం వంటివి నేర్పే ప్రథమ చికిత్స శిక్షణ ఒక్కటే 70 నుంచి 80 గంటలు సాగుతుంది. వాతావరణం, పటం, దిక్సూచి, అడవిని పాడుచేయకుండా బసచేయడం, చట్టపరమైన బాధ్యత, భయపడినవాడితో మాట్లాడే తీరు, గమ్యం కళ్లముందున్నా బృందాన్ని వెనక్కి తిప్పే నిర్ణయం, ఇవన్నీ పాఠాలే. సరిగ్గా నేర్చిన బృందం బండ ఎక్కబోయే ముందు ఏం చేస్తుందో చూడండి. ఎక్కేవాడి నడుము పట్టీ బకిల్‌ను, ఎనిమిది ఆకారపు ముడిని కింద తాడు పట్టుకున్నవాడు చేత్తో తాకి చూస్తాడు. కిందివాడి కొక్కెం తాళం పడిందా లేదా అని ఎక్కేవాడు లాగి చూస్తాడు. ఎంత అనుభవం ఉన్నా ఇద్దరిలో ఎవరూ ఆ తనిఖీ మానరు. ఆ అలవాటును ఒంటికి పట్టించడానికి ఏళ్లు పడుతుంది.

మన దగ్గర జరిగేది వేరు. అనంతగిరిలో ఒక కళాశాల బస్సు దిగిన పిల్లల్ని నేను చూశాను. వెంట వచ్చిన అధ్యాపకుడి దగ్గర పేర్ల జాబితా లేదు. ఒక అమ్మాయి మోకాలు చీరుకుపోతే మందుల పెట్టె కోసం వెతికారు. తాళంచెవి డ్రైవర్ దగ్గర, డ్రైవర్ టిఫిన్‌కు వెళ్లాడు. తీరా తెరిస్తే అందులో ఇంత దూది, గడువు దాటిన మాత్రలు ఉన్నాయి. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడబోయిన పదుల మంది పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే, రాత్రివేళ విపత్తు దళాలు వెళ్లి బయటికి తేవలసి వచ్చింది. ఇలాంటిది జరిగినప్పుడల్లా మన అధికారులకు తెలిసిన మందు ఒక్కటే, యాత్రలు ఆపేయమని ఉత్తర్వు ఇవ్వడం. నాలుగు నెలలకు అది మరుగున పడుతుంది, బస్సులు మళ్లీ బయలుదేరతాయి. ఆటస్థలం లేని అపార్ట్‌మెంట్లలో కళాశాలలకు అనుమతులిచ్చిన వ్యవస్థ నుంచి ఇంతకంటే ఆశించలేమని సరిపెట్టుకోవడం నాకు చేతకావడం లేదు.

పశులకాపరి ప్రస్తావన తెచ్చిన పాఠకుడి మాటలో నిజముంది. నల్లమలలో తేనె కోసం తాళ్లు పట్టుకుని కొండచరియల మీదుగా దిగే చెంచులకు తెలిసినది పట్నంలో ఎవరికీ తెలియదు. 1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ పర్వతారోహణ సంస్థ స్థాపించినప్పుడు బడిచదువు లేని టెన్జింగ్ నార్గేను క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టర్‌ను చేశారు. మన్ననూరు చెంచు పెద్దలను జీతమిచ్చి, గురువు హోదాతో ఈ కోర్సులో కూర్చోబెట్టాలి. ఉద్యోగాలు ఎక్కడ అని అడిగేవారు గురుకులాలను, అటవీశాఖ పర్యావరణ పర్యాటకాన్ని, జిల్లాల విపత్తు నిర్వహణను ఒకసారి చూడాలి. ఏటా దోస్త్ (మన రాష్ట్రంలో డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో కేటాయించే విధానం) ప్రవేశాల్లో ఎవరూ చేరని కోర్సులు ఎన్నో మిగులుతుండగా, ఈ ఒక్కదానికే ఉద్యోగ హామీ అడగడం న్యాయం కాదు.

ఉస్మానియాలో భూగోళశాస్త్ర విభాగం ఉంది, వ్యాయామ విద్య కళాశాల ఉంది. గంట ప్రయాణంలో భువనగిరి గుట్ట ఉంది. నగరంలోనే ఖాజాగూడలో 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ బండలు, పగలగొట్టగా మిగిలినవైనా ఉన్నాయి. ఇన్ని ఉన్నచోట ఈ డిగ్రీని ఎందుకు ప్రారంభించలేదో ఉన్నత విద్యామండలి చెప్పాలి. వచ్చే ఏడాది దోస్త్ ప్రకటన విడుదల చేసే విలేకరుల సమావేశంలో మీ ప్రతినిధి చేత ఈ ప్రశ్న అడిగించి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
నల్లకుంట, హైదరాబాద్