టార్చిలైటు బ్యాటరీ మీద 9900 అని ఉంటే నమ్మకండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి. ఫోన్ పేలితేనో కరెంటు స్కూటర్ కాలితేనో ఫొటోతో సహా వేస్తారు గానీ, మా భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా కాసే ప్రతి మనిషి చేతిలోనూ ఉండే పవర్ టార్చిలైటు గురించీ, అందులో వేసే లిథియం బ్యాటరీ గురించీ ఎవరూ ఒక్క ముక్క రాయరు, అందుకే నేను రాస్తున్నా. తెల్లారగట్ల మూడు నాలుగు గంటలకి చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, గట్టు చుట్టూ తిరిగి రొయ్య పైకి తేలుతోందా, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయా అని చూసుకోవాల్సింది సరిగ్గా అప్పుడే, ఆ టైములో లైటు మిణుకుమిణుకుమంటే ఎట్టా ఉంటుందో చెరువు చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అసలు గొడవంతా బ్యాటరీ మీద వేసే అంకెతోనే అండి. ఎక్కువ టార్చిల్లో పడేది 18650 సైజు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. ఈ సైజులో పానసోనిక్, శాంసంగ్, ఎల్‌జీ లాంటి పెద్ద కంపెనీల మంచి బ్యాటరీలే 3500 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) దగ్గర ఆగిపోతున్నాయి, మరి సంతలో చవగ్గా దొరికేదాని మీద 9900 అని ఎట్టా వస్తుందండి? లోపల చిన్న సెల్లు పెట్టి మిగతా ఖాళీలో పొడి నింపిన రకాలు కూడా ఉన్నాయి. బంగారం కొట్టు కాటా మీద పెట్టి చూడండి, అసలైంది 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది, ముప్ఫై దగ్గర ఆగిందంటే అది దొంగ సరుకే. తూకం సరిపోయినంత మాత్రాన మంచిదని కాదు, పాత ల్యాప్‌టాప్‌ల్లోంచి పీకి కొత్త తొడుగు వేసినవి కూడా అంతే తూగుతాయి.

అందరూ ఎంఏహెచ్ అడుగుతారు, ఆంపియర్లు ఎవరూ అడగరు. ఎంఏహెచ్ అంటే ఎంతసేపు వెలుగుతుందో, ఆంపియర్లు అంటే ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదో. ఎల్ఈడీని గట్టిగా వెలిగించినప్పుడు వాటుకి సుమారు 100 లూమెన్లు (వెలుతురు కొలత) అనుకోండి, 3000 లూమెన్ల లైటుకి 30 వాట్లు కావాలి, బ్యాటరీ 3.6 వోల్టులు కాబట్టి ఎనిమిది ఆంపియర్ల పైమాటే. అయిదు ఆంపియర్ల బ్యాటరీ వేస్తే అది వేడెక్కి, వోల్టేజి జారిపోయి, కాసేపటికే లైటు డిమ్ము అయిపోతుంది, మనమేమో టార్చిని తిట్టుకుంటాం. అందుకే పవర్ లైటుకి 3500 దానికన్నా 3000 ఎంఏహెచ్ ఉండి 15 ఆంపియర్లు ఇచ్చేదే మేలు. కొత్త టార్చి కొనేవాళ్ళు 21700 సైజుది చూసుకోండి, ఆ సైజులో 5000 ఎంఏహెచ్ నిజంగానే వస్తుంది. అన్నట్టు ఒక్క బ్యాటరీతో పదివేల లూమెన్లు అని డబ్బా మీద రాసుంటే ఇదే లెక్క వేసి చూడండి, నవ్వొస్తుంది.

ఇంకో సంగతి, ఈ సెల్లులు తయారుచేసే కంపెనీలే వీటిని విడిగా జనానికి అమ్మొద్దని చెబుతాయి. అమెరికాలో వినియోగదారుల భద్రత కమిషన్ కూడా 2021లో విడి 18650లు కొనొద్దని హెచ్చరించింది. కారణం సింపులే, పైన ఉన్న చిన్న బొడిపె ప్లస్సు, మిగతా డబ్బా అంతా మైనస్సు, మధ్యలో ఉన్నది పల్చటి ప్లాస్టిక్ తొడుగే, అది చిరిగిన బ్యాటరీని తాళంచెవులతో కలిపి జేబులో వేసుకుంటే షార్టు అయి కాలిపోతుంది. నన్నడిగితే టార్చి కంపెనీ వాళ్ళు ఇచ్చే, షార్టు అయితే కరెంటు ఆపేసే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న బ్యాటరీయే కొనండి. సర్క్యూట్ వల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడుగు పెరుగుతుంది, టార్చిలో పడుతుందో లేదో చూసుకోవాలి, ఆ సర్క్యూట్ ఎన్ని ఆంపియర్ల దగ్గర కట్ అవుతుందో కూడా అడగాలి. రెండు మూడు బ్యాటరీలు వరసగా పడే టార్చిలో పాతదీ కొత్తదీ కలిపి వెయ్యకూడదు.

ఛార్జింగ్ 4.2 వోల్టుల దగ్గర ఆగిపోవాలి, అంకె చూపించే ఛార్జర్ అయితే తెలుస్తుంది. 2.5 వోల్టుల కిందకి పడిపోయి నెలలు మూల పడున్నదాన్ని మళ్ళీ లేపాలని చూడకండి. మే నెలలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట ఛార్జింగ్ అసలు పెట్టొద్దు, 45 డిగ్రీలు దాటిన వేడిలో వీటిని ఛార్జ్ చెయ్యకూడదు.

మన దేశంలో ఈ సెల్లులకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఐఎస్ 16046 అనీ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఒకటీ ఉండాలి, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. మరి సంతల్లో ఏ నంబరూ లేని సరుకు బుట్టల్లో పోసి అమ్ముతుంటే అధికారులు ఒక్కసారైనా వచ్చి చూడరా? ఇంకోటి, 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, మా దగ్గర మాత్రం అవి కాలవలోకే పోతున్నాయి. మా మండలంలో ఎక్కడ ఇవ్వాలో మీ పేపరు వాళ్ళయినా కనుక్కుని వేస్తే బాగుంటుందండి.

ఇట్లు,
ఒక చెరువు రైతు, భీమవరం దగ్గర