బండ్లు ఆపే పని పిల్లలకు అప్పగించవద్దు

సంపాదక మహాశయా,

మా ఊరి ఉన్నత పాఠశాల ముందు పిల్లలను రోడ్డు దాటించడానికి ఏదో ఒక ఏర్పాటు చేయాలని మొన్న తల్లిదండ్రుల సమావేశంలో అనుకున్నారు. సంతోషం. అయితే తొమ్మిది, పది తరగతుల పిల్లల చేతికి ఈల, ఎర్రజెండా ఇచ్చి నడిరోడ్డున నిలబెడతారట. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ బస్సు నడిపినవాడిని, దీనికి మాత్రం ఒప్పుకోలేను.

మాది రెండు వరుసల రోడ్డు, మధ్యలో డివైడర్ లేదు. సిమెంటు లారీలు, ఇసుక టిప్పర్లు, పంట చేతికొచ్చే రోజుల్లో మిరప బస్తాల ట్రాక్టర్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. డ్రైవరు పిల్లవాడిని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే బస్సు పొడవుకు మించిన దూరం వెళ్లిపోతుందన్నమాట. లోడుతో ఉన్న లారీ ఆ తర్వాత కదా ఆగాల్సింది! ఎత్తైన క్యాబిన్‌లో కూర్చున్నవాడికి బంపరుకు దగ్గరగా ఉన్న ఆరో తరగతి పిల్లవాడు కనిపించనే కనిపించడు. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి దాటే పిల్లల సంగతి మరీ ఘోరం. ఆ బస్సును దాటుకొచ్చే మోటారు సైకిలు ఆ పిల్లల కంట పడదు, వాళ్లు దాన్ని నడిపేవాడి కంట పడరు.

స్పీడ్ బ్రేకర్ వేశాం కదా అంటారు అధికారులు. కుదుపు తప్పించుకోవడానికి ద్విచక్ర వాహనాలవాళ్లు మట్టి అంచు మీదికి దిగుతారు. పిల్లలు నిలబడేది అక్కడే. రోడ్డు దాటే చోట వేసే జీబ్రా గీతల దగ్గర బండి ఆపి పాదచారులకు దారి ఇవ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ముందు ఆ గీతలు కనబడాలి కదా, మా దగ్గర ఎప్పుడో చెరిగిపోయాయి.

మా అమ్మాయి ఉండే ఇంగ్లండులో బడి పిల్లలను దాటించేవారి కోసం 1953లోనే చట్టం చేశారు. ఆ పనిలో ఉండేది పెద్దవాళ్లు, చాలామంది ఉద్యోగ విరమణ చేసినవారే. పొడవాటి కర్రకు గుండ్రటి బోర్డు ఉంటుంది. అది చూపించినా ఆగకుండా పోతే నేరం. ఇక్కడ పద్నాలుగేళ్ల కుర్రవాడు జెండా ఊపితే, ట్రిప్పుకు ఇంతని డబ్బులు తీసుకునే టిప్పరు డ్రైవరు ఆగుతాడా? ఖాకీ చొక్కా కనిపిస్తే మాత్రం కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. స్వానుభవం!

అందుకే బడి మొదలయ్యే ముందు అరగంట, వదిలాక అరగంట ఒక హోంగార్డును ఇక్కడ ఉంచాలి. కలెక్టరుగారి అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఈ సంగతి తేల్చాలి. హోంగార్డులు చాలరంటే, పంచాయతీ తరఫున ఊళ్లోని పెద్దవాళ్లలో ఒకరిని పెట్టి, ట్రాఫిక్ పోలీసులతో శిక్షణ ఇప్పించి, అధికార పత్రం ఇవ్వాలి. పిల్లలకూ పని ఉంది. సైగ వచ్చేదాకా తోటివారిని రోడ్డంచుకు బాగా వెనక, తాడు అవతల ఆపి ఉంచడం. ఆ పని వాళ్లు మనకంటే బాగా చేస్తారు.

హోంగార్డు వచ్చేవరకు ఉదయం పూట నేను నిలబడతాను. స్టేషను నుంచి ఒక కాగితం, రాత్రి డ్యూటీవాళ్లు వేసుకునే మెరిసే జాకెట్ ఒకటి ఇప్పిస్తే చాలు. సాయంత్రానికి మరొకరిని చూసుకోవాలి, నా మోకాళ్లు రెండు పూటలకు ఒప్పుకోవు.

– ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు, పల్నాడు జిల్లా