వార్షిక నివేదిక: వికిరణ సిమ్యులేషన్లను కాగితం లెక్కతో సరిచూసిన ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించినట్టే ఈ ఏడాది కొత్త శిక్షణ తరగతులు పక్కన పెట్టి ఒకే పని పట్టుకున్నాం. ఉష్ణ వికిరణం మీద మనం చేసే సిమ్యులేషన్లు సిద్ధాంతం చెప్పే జవాబుకు ఎంత దగ్గరగా వస్తున్నాయో చూశాం. ఎల్మర్, ఓపెన్‌ఫోమ్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాంలు రెండూ ఉచితంగా దొరికేవే కనుక ఖర్చు పెద్దగా కాలేదు. జమాఖర్చుల వివరాలు కోశాధికారి విడిగా అందజేస్తారు.

నియమం ఒకటే: ప్రోగ్రాం నడపకముందే జవాబు కాగితం మీద వేసి కార్యదర్శికి ఇచ్చేయాలి. ఫలితం చూశాక వేసే లెక్క ఎలాగోలా దానితో కలిసిపోతుంది. కొందరికిది చాదస్తంగా తోచింది. అయినా సడలించలేదు.

మొదట 600, 300 కెల్విన్ల దగ్గర ఉన్న రెండు అనంత సమాంతర పలకలు తీసుకున్నాం. రెండూ బ్లాక్ బాడీలైతే, అంటే తమపై పడే వికిరణాన్నంతా పీల్చేవైతే, స్టెఫాన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రం (వికిరణం కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది) ప్రకారం ఒకదాని నుంచి మరొకదానికి చేరే వేడి చదరపు మీటరుకు సుమారు 6,890 వాట్లు. ఎమిసివిటీ (బ్లాక్ బాడీతో పోలిస్తే వికిరణం ఎంత వంతు వెలువడుతుందో చెప్పే అంకె) రెండింటికీ 0.8 అయితే 4,593. మధ్యలో అదే ఎమిసివిటీ ఉన్న పలుచని రేకు అడ్డం పెడితే అందులో సరిగ్గా సగం. ఉపగ్రహాలకు పొరలు పొరలుగా రేకు చుట్టేది ఇందుకే. బ్లాక్ బాడీ లెక్కకు ఒక ఫైలులో 648 వచ్చింది. ఉష్ణోగ్రతలు సెల్సియస్‌లో 327, 27 అని ఇచ్చి నాలుగో ఘాతం వేస్తే వచ్చే అంకె అదే. రంగుల చిత్రం మాత్రం ముచ్చటగానే ఉంది!

తర్వాత అవే ఉష్ణోగ్రతల్లో, మీటరు దూరంలో ఎదురెదురుగా మీటరు చదరాలు. వ్యూ ఫ్యాక్టర్ (ఒకదాని నుంచి బయలుదేరిన వికిరణంలో రెండోదాన్ని చేరే వంతు) 0.1998, బ్లాక్ బాడీలుగా మార్పిడి సుమారు 1,377 వాట్లు. ఇందులో ఎవరికీ ఇబ్బంది రాలేదు.

అసలు చర్చంతా ఏకకేంద్ర గోళాల దగ్గర జరిగింది. లోపలి గోళం వ్యాసార్థం అర మీటరు, వైశాల్యం 3.1416 చదరపు మీటర్లు, రెండూ బ్లాక్ బాడీలే, ఉష్ణోగ్రతలూ అవే. మొత్తం వేడి సుమారు 21.6 కిలోవాట్లు రావాలి. సిమ్యులేషన్‌లో తక్కువ వచ్చింది. కిరణాల లెక్కే తప్పని సగం మంది అన్నారు. కానీ చదరపు మీటరుకు చూస్తే 6,890 పక్కాగా ఉంది! మెష్‌లో (ఆకారాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టిన వలలో) గోళం గోళంగా ఉండదు, చదునైన ముక్కలుగా ఉంటుంది, దాని వైశాల్యమే తక్కువ. వేడి ఎంత శాతం తగ్గిందో వైశాల్యమూ అంతే శాతం తగ్గింది. మెష్ సన్నం చేసేకొద్దీ రెండూ కలిసే పెరిగాయి. నా మటుకు ఈ ఏడాది మొత్తంలో విలువైన పని ఇదే. తేడా ఉందని చెప్పడం సులువు, అది ఎక్కడ పుట్టిందో చూపించడమే కష్టం.

మాంటే కార్లో పద్ధతి (యాదృచ్ఛికంగా కిరణాలు వదిలి లెక్కించేది) వాడేవారికి ఒక మనవి. పొరపాటు పదో వంతుకు తగ్గాలంటే కిరణాలు వంద రెట్లు కావాలి. ఒక్కసారి నడిపి వచ్చిన అంకెను ఇకపై ఆమోదించం. మధ్యలో ఏమీ లేని ఖాళీ జాగాకు పీ-1 అనే వికిరణ లెక్కింపు నమూనా వాడిన ఫైళ్లనూ వెనక్కి పంపాం. అది వికిరణాన్ని బాగా పీల్చే దట్టమైన మాధ్యమానికి పనికొచ్చేది.

వచ్చే ఏడాది వేడి వాయువులు నిండిన కొలిమి గదిని తీసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సభ్యత్వ రుసుములో మార్పు లేదు. గోళాల ఫైళ్లు ఇంకా ఇవ్వనివారు సర్వసభ్య సమావేశానికి ముందే, కాగితం లెక్కతో సహా, కార్యదర్శికి చేర్చగలరు.

ఇట్లు,
కార్యదర్శి